పొడి తువ్వాలు

సోమవారం

అక్క ఇప్పుడు ఎక్కడుంది?

పదకొండేళ్ళుగా ఈ ప్రశ్న నాతోపాటు నిద్రలేస్తోంది, నాతోపాటు పనికి వస్తోంది. మనిషి ఒంట్లో ఏ ఎముక ఎక్కడుంటుందో, ఏ నరం ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. యూనివర్సిటీలో నేర్చుకున్నదీ, ఫిజియోథెరపీ క్లినిక్కులో రోజూ చేసేదీ అదే. అక్క ఎక్కడుందో మాత్రం చెప్పలేను. బాప్తిస్మం తీసుకోకుండానే చనిపోయింది. "మనసులో లేకుండా నీళ్ళలో దిగితే ఒట్టి స్నానమే" అనేది. వాయిదా వేస్తూ వచ్చింది, పోయింది. మా పాస్టరు అయ్యగారిని అడిగితే "అది దేవుడి చేతిలో ఉందమ్మా" అంటారు. అమ్మని అడిగే ధైర్యం నాకు లేదు.

ఇవాళ అమ్మ మందిరం నుంచి గొడుగు మూయకుండానే వంటింట్లోకి వచ్చేసింది.

"మీ బావ ఆదివారం బాప్తిస్మం తీసుకుంటున్నాడే!"

"తీసుకోనీ."

"తువ్వాలు నువ్వు పట్టాలిట. నిన్నే కోరుకున్నాడు."

చేతిలో గిన్నె జారింది. పగల్లేదు, స్టీలుది.

మా సంఘంలో తువ్వాలు పట్టడమంటే ఆషామాషీ కాదు. నీళ్ళలోంచి లేచి మెట్లెక్కే మనిషికి ఎదురుగా నిలబడి, అందరూ వినేలా "నీ మీద నాకేమీ లేదు" అనాలి. ఆ మాట అన్నాకే పొడి తువ్వాలు కప్పాలి. ఎవరికి తాను ఎక్కువ అన్యాయం చేశాననుకుంటే వాళ్ళని కోరుకోవడం మర్యాద. బేకరీ వాళ్ళ కోడలు ధైర్యం చేసి అత్తగారిని కోరుకుంది. ఆవిడ తువ్వాలు గుండెకి ఆనించుకుని చాలాసేపు ఆలోచించింది. పాపం, కోడలికి రక్షణ వచ్చింది, జలుబూ వచ్చింది.

నేను బాప్తిస్మం తీసుకోలేదు. నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలియదు. తువ్వాలు పట్టడానికి అది అడ్డం కాదుట. మనసులో ఏమీ లేకపోతే చాలుట.

ఏమీ లేకపోతే.

మంగళవారం

ఇవాళ మోకాలి నొప్పులవాళ్ళే ఎక్కువ వచ్చారు. మోకాలు చూసినప్పుడల్లా బావ నడక గుర్తొస్తోంది. అక్క పోయిన కారు ప్రమాదంలోనే ఆయన ఎడమ మోకాలు పాడైంది. తడి నేల మీద అది నిలవదు. ఆయన నా దగ్గరికి వైద్యానికి ఎప్పుడూ రాలేదు, నేనూ పిలవలేదు. అయినా దూరం నుంచి నడక చూస్తే తెలిసిపోతుంది.

బావ పని డ్రైవింగ్ నేర్పడం. అక్కకి నేర్పిస్తుండగా అదుపు తప్పి కారుని వంతెన గోడకి గుద్దిందనీ, స్టీరింగ్ దగ్గర అక్కే ఉందనీ చెప్పాడు. అందరూ నమ్మారు. పోయినావిడ మీద కేసేముంటుంది, మూసేశారు.

ఆస్పత్రిలో అక్కని కడిగి బట్టలు మార్చింది నేనూ అమ్మా. సీటు బెల్టు వల్ల నడిపేవాళ్ళకి ఒక భుజం కములుతుంది, పక్కన కూర్చున్నవాళ్ళకి రెండో భుజం. అక్కకి కమిలింది రెండో భుజం. ఆ రోజే బావ ముందు నిలబడి అడిగాను. ఆయన నోట్లోంచి మందు వాసన ఇంకా పోలేదు. "నీకు మతి పోయిందే" అన్నాడు. పోలీసాయనకి చెప్పాను. "దెబ్బ సాక్ష్యం చెప్పదమ్మా" అన్నాడు. అమ్మకి చెప్పాను. అమ్మ చెంప మీద కొట్టింది.

అప్పటినుంచీ అమ్మ ప్రార్థనలో ఒక వాక్యం మారలేదు. "ప్రభువా, దాని తొందరపాటు క్షమించు."

అక్కకి తొందరపాటా? టీ చల్లార్చుకోవడానికి అరగంట పట్టే మనిషికి?

బుధవారం

సాయంత్రం పిచ్చుక క్లినిక్కుకి వచ్చింది. అక్క కూతురు, ముద్దుపేరు అదే. ఈ ఏడే డిగ్రీలో చేరింది. పేషెంట్లు పడుకునే బల్ల మీదెక్కి కాళ్ళూపుతూ కూర్చుంటే ఇంకా ఎనిమిదేళ్ళ పిల్లలాగే ఉంటుంది.

"పిన్నీ, నాన్న రెండేళ్ళుగా చుక్క ముట్టలేదు. తెలుసా?"

"తెలుసు."

"నువ్వు ఆదివారం రాకపోతే ఆయన నీళ్ళలోనే నిలబడిపోతాడు. చేపలా."

"వస్తాలే. నువ్వు డ్రైవింగ్ నేర్చుకుంటానన్నావు కదా, ఏమైంది? ఇంట్లోనే మాస్టారు."

ఊపుతున్న కాళ్ళు ఆగిపోయాయి.

"వద్దు పిన్నీ. నాది అమ్మ చెయ్యి. నేను స్టీరింగ్ పట్టుకుంటే ఎవరో ఒకరు పోతారు." నవ్వుతూనే అంది. తర్వాత నవ్వు మానేసి అడిగింది. "సండే స్కూల్లో అడిగేవాళ్ళు గుర్తుందా, మనిషి ఎందుకు పుట్టాడు అని? దేవుణ్ణి మహిమపరచడానికి అని అందరం గట్టిగా అరిచేవాళ్ళం. మరి అమ్మ ఎందుకు పుట్టిందంటావ్? గోడకి గుద్దడానికా?"

నేను దాని భుజం పట్టుకున్నాను. చెప్పేసేదాన్నే. తలుపు తీసి తర్వాతి పేషెంటు వచ్చాడు, నడుం పట్టుకుని, మూలుగుతూ.

గురువారం

బావ బాప్తిస్మానికి గౌను కుట్టడం మొదలుపెట్టాను. అమ్మకి కళ్ళు ఆనడం లేదు. మా సంఘంలో బాప్తిస్మపు గౌన్లన్నీ అమ్మ చేతివే. ఇదొక్కటి నాకు అప్పజెప్పింది.

"అంచులో సీసం గుండ్లు వెయ్యడం మర్చిపోకే. నలువైపులా నాలుగు. లేకపోతే నీళ్ళలో దిగగానే గౌను గొడుగులా లేస్తుంది. ఆమధ్య సంఘపెద్దకి లేచింది చూడు, పాపం ఆయన చారల లాగు ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు."

నవ్వాను. చాలా రోజులకి ఇద్దరం నవ్వాం.

శుక్రవారం

వెళ్ళాను. పిచ్చుక మాట విన్నాక బావ దగ్గరికి వెళ్ళక తప్పలేదు.

డ్రైవింగ్ స్కూలు మైదానంలో ఒక పెద్దాయన రివర్సు నేర్చుకుంటున్నాడు. ఎర్ర కోన్లన్నీ పడగొట్టి, "ఎవడయ్యా వీటిని దారిలో పెట్టింది?" అని దబాయిస్తున్నాడు. బావ కుంటుకుంటూ ఒక్కోటీ నిలబెడుతున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకున్నాడు.

"రా డాక్టరమ్మా. టీ తాగుతావా?"

"వద్దు. ఆదివారం తువ్వాలు పట్టాలంటే ముందు మీరు పిచ్చుకకి నిజం చెప్పాలి."

ఏ నిజం అని అడగలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి అడగలేదు. కోను ఒకటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"దేవుడికి చెప్పుకున్నాను. ఏడ్చాను, కాళ్ళ మీద పడ్డాను. క్షమించాడు. ఆ సంగతి నాకిక్కడ తెలుసు." గుండె చూపించాడు. "దేవుడికి చెప్పుకుంటే చాలదా?"

"ఆ కార్లో దేవుడు లేడు కదా బావా. అక్క ఉంది."

"ఉన్నాడు. అదే నా బాధ."

పెద్దాయన మళ్ళీ ఒక కోనుని గుద్దాడు.

"పిచ్చుక నా చేతుల్లోంచి ఎగిరిపోతుంది," అన్నాడు. "నాకున్నది అదొక్కత్తే."

"అక్కకి ఉన్నదీ అదొక్కత్తే. మీరు అక్క దగ్గర్నించి దాన్ని కూడా లాక్కున్నారు."

"ఆదివారం దాకా టైమివ్వు."

ఇచ్చాను. ఇవ్వడానికి నేనెవర్ని అని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను.

ఒకరి పాపం ఇంకొకరు మోయడం. మా విశ్వాసమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. చిన్నప్పటినుంచీ విన్నాను, ఎన్నడూ గుండెకి తగల్లేదు. ఇవాళ దారిలో తగిలింది. బావ పాపం అక్క మోస్తోంది. చచ్చిపోయి కూడా మోస్తోంది. సిలువ మీద యేసు ఇష్టపడి మోశాడంటారు. అక్కని ఎవరూ అడగలేదు.

శనివారం, మధ్యాహ్నం

అయ్యగారి ఇంటికి వెళ్ళాను. బాప్తిస్మపు తొట్టి కడిగించి వచ్చి, పంట్లాము మోకాళ్ళ దాకా మడుచుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. డెబ్భై దాటాయి. బావ విషయం పూర్తిగా చెప్పలేదు. చెప్పాల్సింది బావ. చుట్టూ తిప్పి అడిగాను.

"ఘోరం చేసినవాడు చివర్లో ఒక్క మాట అంటే రక్షణ వచ్చేస్తుందా? జన్మంతా మంచిగా బతికిన మనిషి ఆ మాట అనే లోపల పోతే రాదా? ఇదేం న్యాయం అయ్యగారూ?"

"న్యాయం కాదమ్మా. అర్హత చూసి ఇచ్చేదాన్ని జీతం అంటారు. ఇది కృప."

"బాకీ రావాల్సినవాళ్ళు ఎదురుగా ఉండగా, వాళ్ళని దాటేసి పైవాడు మాఫీ చేస్తే దాన్నేమంటారు?"

ఆయన తడి పాదాలు తుడుచుకున్నారు. "మాఫీ అయినవాడు బాకీ ఎగ్గొట్టడమ్మా. పరుగెత్తుకెళ్ళి చెప్పుకుంటాడు. చెప్పుకోకపోతే, వాడికి అందింది ఏమిటో నేనూ అనుమానిస్తాను." గుమ్మం దాకా వచ్చి మెల్లగా అన్నారు. "మీ అక్క సంగతి నాకు తెలియదు. తెలిసినట్టు నీకెప్పుడైనా మాట్లాడి ఉంటే, అది నా తప్పు."

శనివారం, సాయంత్రం

బావ నుంచి కబురు లేదు. పిచ్చుకకి ఫోన్ చేశాను. "నాన్న ఇస్త్రీ చేసుకుంటున్నాడు పిన్నీ, పాట కూడా పాడుతున్నాడు, భరించలేకపోతున్నాం, నేనూ గోడలూ," అంది. చెప్పలేదన్నమాట.

గౌను పూర్తయింది. గుండ్లు కొంచెం ఎక్కువ పడ్డాయేమో. డబ్బాలో ఉన్నవి ఊరికే ఉండడమెందుకని. గౌను లేవకుండా ఉంటుంది, మంచిదే.

అమ్మ మడత పెడుతూ ఆగింది. "ఏమిటే, ఇంత బరువుంది?"

"తడిస్తే ఏదైనా బరువేగా."

"ఇంకా తడవలేదుగా," అంది. మడత పెట్టి పక్కన పెట్టింది.

ఆదివారం

నా బట్టలు ఇంకా ఆరలేదు.

సోమవారం

సెలవు పెట్టాను. జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే మనసు దాన్ని తనకి కావలసినట్టు కుట్టేసుకుంటుంది.

మందిరం నిండిపోయింది. తొట్టి వేదిక ముందు నేలలోనే ఉంటుంది, రొమ్ముల లోతు. మెట్ల దగ్గర నేను తువ్వాలుతో. మొదటి వరసలో అమ్మా, పిచ్చుకా. బావ నా పక్కనుంచి మెట్లు దిగుతూ నా వైపు చూడలేదు. అప్పుడే తెలిసింది చెప్పడని. గౌను లేవలేదు. పలకలా కిందికి దిగింది.

"నీ గురించి ఏమని ఒప్పుకుంటున్నావు?" అయ్యగారు అడిగారు.

"నేను పాపిని. యేసు నా రక్షకుడు."

అంతే. రెడీమేడు చొక్కాలాంటి మాట, ఎవరికైనా పడుతుంది. నేను తువ్వాలు రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. ఆ మాట అనను, ఎంతసేపైనా నిలబడనీ, జలుబు కాదు, జ్వరమే రానీ అనుకున్నాను. ఇది నిజంగా అనుకున్నాను, స్పష్టంగా గుర్తుంది.

అయ్యగారు ఆయన్ని వెనక్కి వాల్చి ముంచారు. లేపారు. అందరూ ఆమేన్ అన్నారు. బావ మెట్టు కోసం అడుగు వేశాడు. కాలు గౌను అంచు మీద పడింది. ఎడమ మోకాలు ముడుచుకుపోవడం నాకు నీళ్ళలోంచి కనిపించింది. వెళ్ళిపోయాడు కిందికి. అయ్యగారు చెయ్యి పట్టుకుని లాగారు, ఆయన బలం ఎంత. తల పైకి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. అంచు ఆయన కాళ్ళకి చుట్టుకుంది. ఎవరో నవ్వారు. ఇదీ బాప్తిస్మంలో భాగమే అనుకున్నారేమో. తర్వాత ఎవరూ నవ్వలేదు.

తువ్వాలు ఎక్కడ పడేశానో తెలియదు. నేను నీళ్ళలో ఉన్నాను. చంకల కింద చేతులేసి ఎత్తాను. పేషెంట్లని రోజూ ఎత్తే పద్ధతే, అయినా అంత బరువు ఎప్పుడూ ఎత్తలేదు. ఆ బరువులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

ఆయన నా మెడ పట్టుకుని దగ్గాడు. నీళ్ళు కక్కాడు. తొట్టి అంచున మోకాళ్ళ మీద వంగి పిచ్చుక "నాన్నా, నాన్నా" అంటోంది. ఆయన ముందు దాన్ని చూశాడు, తర్వాత నన్ను.

"కారు నేనే నడిపాను పిచ్చుకా," అన్నాడు. "అమ్మ కాదు. తాగి నేనే నడిపాను. అమ్మ ఆపమంటూనే ఉంది."

గట్టిగానే అన్నాడు. అందరూ విన్నారు. తొట్టిలో నీళ్ళు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది.

పిచ్చుక నేల మీది తువ్వాలు తీసింది. బావా, నేనూ మెట్లెక్కాం. తెచ్చి నా భుజాల మీద కప్పింది. వాళ్ళ నాన్నని దాటుకుని నడిచి, పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది. ఆయన అక్కడే నిలబడి వణుకుతున్నాడు. నా దగ్గర తువ్వాలు ఉంది. ఆ మాట లేదు.

ఆఖరికి అయ్యగారే, తడి కోటుతో, తన కోసం పెట్టుకున్న తువ్వాలు ఆయనకి కప్పారు.

మంగళవారం

పిచ్చుక మా ఇంట్లోనే ఉంది. అన్నం తినదు, మాట్లాడదు, నా దుప్పటి ఇవ్వదు.

బుధవారం

అమ్మ ఇవాళ ఉదయం ప్రార్థనలో ఆ "తొందరపాటు" వాక్యం అనలేదు. అక్కడికి వచ్చి ఆగి, దాటేసింది. నేను కళ్ళు తెరిచి చూస్తున్నాను. ఆవిడా కళ్ళు తెరిచే ఉంది.

"అమ్మా, నీకు తెలుసా?"

"నేనూ కడిగాను కదే దాన్ని. భుజం చూడలేదనుకున్నావా?"

నేను ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను.

"పిల్లకి ఎనిమిదేళ్ళు. తల్లి పోయింది. తండ్రిని జైల్లో పెట్టించనా? నువ్వు అరుస్తుంటే ఏం చెయ్యాలో తెలియక కొట్టాను." కొంగలా మెడ సాచి పిచ్చుక పడుకున్న గది వైపు చూసింది. "రోజూ దాని తొందరపాటు క్షమించమని దేవుడికి అబద్ధం చెప్పాను. అబద్ధమని ఆయనకి తెలుసని నాకు తెలుసు. అదేదో మా ఇద్దరి మధ్య ఏర్పాటు."

తర్వాత, ఉన్నట్టుండి, అమ్మ మామూలు గొంతుతో అంది. "ఏమైతేనేం, నువ్వూ తొట్టిలో మునిగావు. సగం పనయింది. మిగతా సగం అయ్యగారిని అడిగి పూర్తి చేసుకో."

"నాకు నమ్మకం లేదు కదమ్మా."

"ఆ నీళ్ళలో దూకినప్పుడు ఆలోచించావా?"

శుక్రవారం

పిచ్చుక మాట్లాడింది. మొదటి ప్రశ్న: "నేను తువ్వాలు ఆయనకి కప్పలేదు కదా. ఆయన రక్షణ పోయినట్టా?"

"అలా పోదనుకుంటానే."

"పోవాలి అనుకున్నాను, పిన్నీ. ఇప్పుడు పోకూడదు అనిపిస్తోంది. రెండూ ఒకేసారి అనిపిస్తున్నాయి. ఏది పాపం?"

నాకు తెలియదన్నాను. సాయంత్రం నా కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళింది. కిటికీలోంచి చూశాను. నడిపేవాళ్ళ సీట్లో కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. తాళం తిప్పలేదు. అక్క కూడా అంతే, అద్దం సరిచేసుకోవడానికే అరగంట.

శనివారం

బావ వచ్చాడు. గౌను ఉతికి, మడిచి, సంచిలో తెచ్చాడు. పిచ్చుక గదిలోంచి రాలేదు, తలుపు మాత్రం వేసుకోలేదు. పోలీసు స్టేషనుకి వెళ్ళి చెప్పాడట. ఫైలు పాతదట, వెతకాలట, మళ్ళీ రమ్మన్నారట. "తప్పు చేశానయ్యా అంటే కూడా క్యూలో నిలబడమంటారు," అని నవ్వబోయి మానేశాడు.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"నువ్వా మాట అనలేదు. అననక్కర్లేదు. నీళ్ళలో నన్ను పట్టుకున్నావు, అది చాలు. పైన ఆయన రక్షించాడు, కింద నువ్వు రక్షించావు."

ఆయన కుంటుతూ వీధి చివరికి వెళ్ళేదాకా గౌను సంచి పట్టుకుని నిలబడ్డాను.

కూర్చుని అంచు విప్పాను. నలువైపులా నాలుగు అని అమ్మ చెప్పింది. ఎడమ వైపునే గుప్పిట్లో పట్టనన్ని ఉన్నాయి. కుట్లు చూశాను. దగ్గరదగ్గరగా, గట్టిగా, ఊడకుండా వేసిన కుట్లు. ఏమరుపాటున పడే కుట్లు ఇలా ఉండవు. ఆ ఎడమ మోకాలు తడిలో నిలవదని పోయినవారం మంగళవారమే, గౌను మొదలుపెట్టకముందే, ఈ డైరీలో రాసుకున్నాను.

బావకి చెప్పాలి. మీరు మునిగింది నా చేతిపని వల్ల అని చెప్పాలి. ఆయన్ని నిలదీసింది నేనే కదా. పేరు పెట్టి, ఎదురుగా, వినాల్సినవాళ్ళ ముందు చెప్పాలన్నదాన్ని. సంచి తీసుకుని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. దేవుడికి చెప్పుకుంటే చాలదా అనిపించింది. ఆ మాట నాది కాదు, కోను చేతిలో పట్టుకుని ఆయనన్నది. తిరిగొచ్చి కూర్చున్నాను.

గుండ్లు ఈ బల్ల సొరుగులో వేశాను. సొరుగు లాగినప్పుడల్లా దొర్లుతున్నాయి.

కావాలనే కుట్టానా? తెలియదు. కుట్టిన చెయ్యీ, దూకిన కాళ్ళూ రెండూ నావే. ఏది నేనో తెలియదు. ఆయనకి చెప్తానో లేదో తెలియదు. నా మీద ఆయనకి ఏమీ లేదు, ఎందుకంటే ఆయనకి తెలియదు. ఆయన మీద నాకు ఏమీ లేదని అనగలనో లేదో, అది కూడా తెలియదు. అక్క ఎక్కడుందో మొదటి రోజు ఎంత తెలియదో ఇవాళా అంతే తెలియదు.